అయ్యగారి ఉపవాసం, ఉరుకుందమ్మ దగ్గు

ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే నేనొక సంగతి గమనించాను. మా షెడ్డులో ఎవరూ మేనేజరును ఏదీ అడగరు. దేవుణ్ణి అడుగుతారు, అదీ మేనేజరుకు బాగా వినపడేలా.

మాది ఎమ్మిగనూరులో, ఆదోనికి పోయే రోడ్డు పక్కన, ఒక చర్చి ట్రస్టు నడిపే నేత షెడ్డు. గాయాలకు కట్టే పలచటి కట్టుగుడ్డ, ఆసుపత్రి మంచాల మీద పరిచే దుప్పట్లు నేయించేవాళ్లం. నేను చేరినప్పుడు అన్నీ చేతిమగ్గాలే, తర్వాత మరమగ్గాలు వచ్చాయి. లెక్కల గుమాస్తాగా చేరి మేనేజరుగా రిటైరయ్యాను. మధ్యలో ఏ హోదా ఎప్పుడు వచ్చిందన్నది నాకే సరిగ్గా గుర్తులేదు, మీకు అసలే అక్కర్లేదు.

ఇలాంటి సంస్థల్లో కొత్తగా చేరిన పిల్లలు ఈమధ్య మా ఇంటికి వచ్చి, దేవుడి మాటకూ వ్యాపారానికీ ఎలా పొత్తు కుదర్చాలని అడుగుతున్నారు. పై ఆఫీసులో వాళ్లకు ఒక రోజంతా దాని మీదే శిక్షణ ఇచ్చి, తెర మీద బొమ్మలు చూపించి, భోజనం పెట్టి పంపించారట. భోజనం బాగుందట. మిగతాది అర్థం కాక నా దగ్గరికి వచ్చారు. వాళ్లకు నోటితో చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

దేవుణ్ణి అడిగే పద్ధతి

పొద్దున మగ్గాలు ఆడించే ముందు అందరం షెడ్డు మధ్యలో చేరి ప్రార్థన చేసేవాళ్లం. ఒక పాట, ఒక వాక్యం, ఆ తర్వాత "ప్రార్థన అవసరతలు". అవసరం అంటే చాలు కదా, అవసరత ఏమిటని మీరు నవ్వవచ్చు. చర్చి తెలుగులో మేం అలాగే అంటాం, అలా అంటేనే దేవుడికి వినపడుతుందని మా నమ్మకం కాబోలు. పనివాళ్లలో సగం మంది క్రైస్తవులు, సగం మంది నందవరం చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సుల్లో, ఆటోల్లో వచ్చే హిందువులు. ఆ మాట మాత్రం అందరి నోటా పడిపోయింది. ఇంట్లో జొన్నలు నిండుకున్నా అవసరతే.

ఎవరి కష్టం వాళ్లు నిలబడి చెప్పేవాళ్లు. బిడ్డకు జ్వరం, మొగుడికి తాగుడు, బోరులో నీళ్లు పడకపోవడం. వీటి మధ్యలో షెడ్డు సంగతులు కూడా మెల్లగా దూరేవి. మరుగుదొడ్డికి తలుపు ఊడిపోయిందని ఎవరూ ఆఫీసుకు వచ్చి చెప్పరు. ఆడవాళ్ల మానం కాపాడమని దేవుణ్ణి అడుగుతారు. అడిగేటప్పుడు ఒక కన్ను నా వైపు ఉంటుంది.

ఒక ఏడాది వానలు లేక చుట్టూ పైర్లన్నీ మాడిపోతున్నాయి. రోజూ అందరిదీ ఒకటే అవసరత, వాన. మరమగ్గం నడిపే లక్ష్మన్న మాత్రం ఒకరోజు చెయ్యెత్తి, "మీరంతా వాన రావాల అంటాండారు. నాకు మాత్రం రాకూడదప్పా. నా మగ్గం మీద రేకు కారతాంది" అన్నాడు. ఆరోజు ప్రార్థన చేయించిన మా పెద్దాయన కళ్లు మూసుకుని, పొలాల మీద సమృద్ధిగా కురిపించమనీ, లక్ష్మన్న మగ్గం మీద మాత్రం తప్పించమనీ దేవుణ్ణి వేడుకున్నారు. ఒక్కరు కూడా నవ్వలేదు. నేను నవ్వాపుకోలేక పైట నోట్లో కుక్కుకున్నాను. మధ్యాహ్నం ఒక మనిషికి నిచ్చెన ఇచ్చి పైకి ఎక్కించి ఆ రేకు సరిచేయించాను. వారం తిరక్కుండా మంచి వాన పడింది, మగ్గం మీద చుక్క రాలలేదు. లక్ష్మన్న మరుసటి రోజు నిలబడి దేవుడికి ఎంతో చక్కగా కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. నాకూ ఆ నిచ్చెన ఎక్కినవాడికీ ఏమీ దక్కలేదు.

దీన్ని నేను తప్పు పట్టడం లేదు. పై అధికారిని అడగాలంటే భయం, సిగ్గు. దేవుణ్ణి అడగడానికి ఆ రెండూ ఉండవు. మీరు చేరిన చోట కూడా ఇలా అడిగే దారి ఏదో ఒకటి ఉంటుంది. ముందు అదేమిటో కనిపెట్టండి.

మా అయ్యగారు

ప్రార్థన చేయించిన ఆ పెద్దాయన దేవదానం అయ్యగారు. ఆదోనిలో పాస్టరు, మా ట్రస్టుకు కార్యదర్శి, నాకు పై అధికారి. వారంలో మూడు నాలుగు రోజులు ఆదోని నుంచి తొలి బస్సుకే వచ్చి ప్రార్థన చేయించి, సాయంత్రం దాకా ఉండేవారు. బస్సు దిగి షెడ్డు దాకా గొడుగు ఊతంగా నడిచి వచ్చేవారు. పనివాళ్ల పిల్లల పేర్లన్నీ ఆయనకు నోటికి వచ్చు. ఎవరి పిల్ల పరీక్ష తప్పిందో, ఎవరి ఆవు ఈనిందో నాకంటే ముందు ఆయనకే తెలిసేది. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

వ్యాపారం విషయంలో ఆయన దగ్గర నేర్చుకున్నంత నేను ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు. ఒక వర్తకుడు వచ్చి, కట్టుగుడ్డలో కొన్ని పోగులు తగ్గించి నేస్తే ఎవరికీ తెలియదనీ, ఊళ్లో అందరూ అలాగే నేస్తున్నారనీ నచ్చజెప్పాడు. అయ్యగారు ఒక గుడ్డ తీసి కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, "ఇది గాయం మీద పడే గుడ్డప్పా. పోగు తగ్గినట్టు మనకు తెలియకపోవచ్చు, రక్తానికి తెలుస్తుంది" అన్నారు. ఆ వర్తకుడు మళ్లీ మా గడప తొక్కలేదు. బడ్డీ కొట్టువాడికి అమ్మినా, పెద్దాసుపత్రికి అమ్మినా ఒకటే గుడ్డ, ఒకటే ధర. ఆయన ఉన్నన్నాళ్లూ మా గుడ్డ ఒక్కటి కూడా తిరిగి రాలేదు.

ఇంత ప్రేమగల మనిషిలో కూడా నాకు ఒకటి మింగుడుపడేది కాదు. గుడ్డ విషయంలో ఆయన భారం దేవుడి మీద వేసేవారు కాదు, తనే కళ్లజోడు పెట్టుకుని పోగులు చూసేవారు. మనుషుల కష్టాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రార్థన చేసి, కళ్లు తుడుచుకుని, నిశ్చింతగా బస్సెక్కేవారు. ప్రార్థన అయిందంటే ఆయన లెక్కలో పని అయిపోయినట్టే.

ఆయన తర్వాత హైదరాబాదు నుంచి ఒక డైరెక్టరు వచ్చాడు. సంస్థ విలువలని చెప్పి ప్రేమ, నిజాయితీ, సేవ అని బోర్డులు రాయించి గోడలకు కొట్టించాడు. ప్రార్థనకు వచ్చినవాళ్లు వేలిముద్ర వేసే మిషను పెట్టించాడు. ఏడాది చివర ఒక్కో కార్మికుడికి ప్రేమలో ఎన్ని మార్కులో నన్ను వేయమన్నాడు. నేను అందరికీ పదికి పది వేశాను. మీ షెడ్డులో ఇంతమంది ఇంత ప్రేమగా ఎలా ఉన్నారని సంజాయిషీ అడుగుతూ పై ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. మనిషి చెడ్డవాడు కాదు, పిల్లికి కూడా హాని తలపెట్టడు. కానీ ఆ బోర్డులన్నీ కలిపినా అయ్యగారు గుడ్డను వెలుతురుకు ఎత్తిపట్టినంత పని చేయలేదని నా అభిప్రాయం.

అయ్యగారిలో నాకు మింగుడుపడనిది ఒక మనిషి మూలంగా మారింది. ఈ రాతలో అసలు చెప్పాలనుకున్నది ఆ మనిషి గురించే.

సోమవారం దగ్గు

ఉరుకుందమ్మది నందవరం పక్కన పల్లె. మొగుడు చనిపోయాడు. ఇద్దరు ఆడపిల్లల్ని హాస్టల్లో ఉంచి చదివించుకుంటూ మా దగ్గర కండెలు చుట్టేది. కండెలు చుట్టడమంటే చిలపలుగా, అంటే పెద్ద చుట్టలుగా వచ్చే నూలును మిషను మీద చిన్న చిన్న గొట్టాలకు ఎక్కించడం. మగ్గానికి అవే మేత. ఎన్ని చుడితే అంత కూలి. ఆమె చేయి చురుకు, అందుకని నేసిన గుడ్డ మడిచే మడతల గదిలో రోజు కూలికి పనిచేసే ఆడవాళ్లకంటే ఆమెకు బాగా ముట్టేది. ఆ తేడాతోనే పిల్లలు చదువుతున్నారు.

ప్రార్థనకు మా క్రైస్తవులం చెప్పులతోనే నిలబడేవాళ్లం. ఉరుకుందమ్మ మాత్రం చెప్పులు బయట విప్పి, కొంగు తలమీదికి లాక్కుని వచ్చేది. సోమవారాలు పొద్దున్నే వాళ్లూళ్లో ఈరన్న గుడికి పోయి, కొబ్బరి ముక్కలు కొంగున కట్టుకుని షెడ్డుకు తెచ్చేది. మాలో కొందరు తినేవాళ్లు, కొందరు తినేవాళ్లు కాదు. ఎవరు తిన్నారో ఎవరు తినలేదో గమనించనట్టే ఉండేది. ఆమెను చూస్తే నాకు ముచ్చటేసేది.

కండెల గదికి కిటికీలు ఉన్నాయి గానీ, గాలికి సన్నపోగులు చిక్కుపడతాయని ఎప్పుడో వాటికి రేకులు కొట్టేశారు. లోపల నూలు దుమ్ము పొగమంచులా తేలుతూ ఉండేది. రెండు మూడేళ్లకు ఆమెకు దగ్గు పట్టుకుంది. అందరిలాగే ఆమె కూడా దాన్ని అవసరతగానే చెప్పింది. అయ్యగారు ప్రార్థన చేశారు. తగ్గలేదు. మళ్లీ చేశారు. ఇక పట్టుదల వచ్చి, ఆమె దగ్గు పోయేదాకా శుక్రవారం శుక్రవారం ఉపవాసం ఉంటానని అందరి ముందూ చెప్పారు.

మా షెడ్డులో రూతమ్మ అని మడతల గది పెద్ద ఉండేది. మంచి మనిషి, నోరు మాత్రం ఊరుకోదు. ఉరుకుందమ్మకు తులసి కషాయం కాచి తెచ్చిందీ ఆమే, "సోమవారం నాడే దగ్గు ఎక్కువైతాంది, సూసినారా? ఆ పొద్దే గదా గుడికి పోయి వచ్చేది" అని అందరికీ చెప్పిందీ ఆమే. అది నిజం. దగ్గు సోమవారమే ఎక్కువగా ఉండేది, వారం పోయేకొద్దీ కాస్త నెమ్మదించేది. ఆ మాట ఎవరో ఉరుకుందమ్మ చెవిన వేశారు. ఆమె ఎవరితోనూ వాదం పెట్టుకోలేదు. కొబ్బరి ముక్కలు తేవడం మానేసింది. దగ్గు తగ్గలేదు గానీ ఈరన్న దగ్గరికి పోవడం తగ్గింది. నాకు ఒళ్లు మండి రూతమ్మను గట్టిగా కేకలేశాను. ఆమె ఏడ్చింది, నేను చెప్పింది మాత్రం ఒప్పుకోలేదు.

సాక్ష్యం

ఒక శుక్రవారం ప్రార్థనలో, అవసరతలు అడగకముందే ఉరుకుందమ్మ ముందుకు వచ్చి నిలబడింది. చేతిలో స్టీలు క్యారియరు. "నా దగ్గు పోయింది అయ్యగారూ. దేవుడు దయ సూసినాడు" అంది.

షెడ్డంతా చప్పట్లు. రూతమ్మ పాట ఎత్తుకుంది. అయ్యగారు నిలబడిన చోటే కన్నీళ్లు కార్చారు. దేవుడు చేసిన మేలును నలుగురిలో చెప్పడాన్ని మేం సాక్ష్యం అంటాం. ఒక హిందూ మనిషి నోటి నుంచి అలాంటి సాక్ష్యం రావడం మా షెడ్డులో అదే మొదలు. ఉరుకుందమ్మ క్యారియరు విప్పి, జొన్నరొట్టె, పుండికూర అక్కడే ఆయన చేతికి ఇచ్చింది. ఆయన పొద్దున్నే అది ఆత్రంగా తింటుంటే ఆమె ఎదురుగా కూర్చుని చివరి ముక్క దాకా చూసింది.

నాకు ఒకటే అనుమానం. తెల్లవారకముందే రొట్టె కాల్చుకుని వచ్చిందంటే, ఈ సాక్ష్యం ఇవ్వాలని ఇంటి దగ్గరే నిర్ణయించుకుని వచ్చినట్టు కదా.

ఆ కబురు ట్రస్టు కమిటీకి చేరింది. ఆదోనిలో ఏటా జరిగే కృతజ్ఞతా కూడికలో ఆమె మైకు ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలని నిర్ణయించారు. ఫోటో తీసుకుపోయారు. కూడిక వచ్చే వారమే.

ఈలోగా సోమవారం వచ్చింది. చెత్త దూది వేసే కొట్టు వెనక నుంచి ఏదో మూలుగు వినపడితే పోయి చూశాను. ఉరుకుందమ్మ గోడకు ఒరిగి కూర్చుని, మేం పారేసిన కట్టుగుడ్డ ముక్క నోట్లో కుక్కుకుని దగ్గుతోంది. శబ్దం బయటికి రాకుండా దగ్గడంతో ఆమె ఒళ్లంతా ఊగిపోతోంది.

"దగ్గు పోయిందన్నావు కదా, ఉరుకుందమ్మా" అన్నాను.

నోరు తుడుచుకుంది. "పోయిందనే సెప్పినాను మేడం. మల్ల రాదని సెప్పలే." ఆ ఊపిరాడని స్థితిలో కూడా ఆమెకు చమత్కారం పోలేదు. నాకు నవ్వు రాలేదు. ఎందుకలా చెప్పావని అడిగాను.

"ఆయప్ప నా కోసరం శుక్రవారం శుక్రవారం అన్నం మానేస్తాండాడు గదా మేడం. సక్కెర రోగం మనిషి. మొన్న బస్సు దిగి నడిసి వస్తా వస్తా కాలు తడబడి గొడుగు పట్టుకోని నిలబడినాడు. నేను సూసినాను. నా దగ్గు ఎప్పుడు పోతాదో ఏమో. అంతలోకే ఆయప్పకేమన్నా అయితే ఆ పాపం యాడికి పోతాది?"

ఆమె పక్కన కూలబడ్డాను. ఒకరు ఆమె ఊపిరి కోసం అన్నం మానేశారు. ఆయన అన్నం కోసం ఆమె ఊపిరి బిగబట్టింది. ఇద్దరి మీదా నాకు పట్టరాని ప్రేమ పుట్టింది, ఇద్దరినీ చెంపలు వాయించాలని కూడా అనిపించింది.

పేటలో మెట్ల మీద

మరునాడు ఆమెను ఆదోనిలో నాకు తెలిసిన ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. వారంలో ఏ రోజు దగ్గు ఎక్కువన్నదే డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న. సోమవారం అని చెప్పేసరికి, రూతమ్మ ఇక్కడికి కూడా వచ్చిపోయిందా ఏమిటని ఒక క్షణం అనుకున్నాను. ఆదివారం సెలవా అని డాక్టరమ్మ మళ్లీ అడిగింది. దూది దుమ్ములో పనిచేసేవాళ్లకు సెలవు రోజున ఊపిరి తేరుకుంటుందనీ, మళ్లీ దుమ్ములోకి పోగానే మొదటి రోజు ఛాతీ బిగుసుకుపోతుందనీ వివరించింది. ఇప్పుడు దుమ్ము తప్పిస్తే చాలావరకు బాగవుతుంది, ఇలాగే ఇంకొన్నేళ్లు పోతే మందులు పనిచేయవు అంది. పిల్లల చదువు మాట దేవుడెరుగు, ఆ పిల్లలకు తల్లి మిగులుతుందా అన్నదే ప్రశ్న అని నాకు అక్కడ అర్థమైంది. ఈరన్న పాపం ఏమీ చేయలేదని కూడా.

అక్కడి నుంచి నేరుగా ఆ ఊరి పేటలోనే ఉన్న అయ్యగారి ఇంటికి పోయాం. ఉరుకుందమ్మ లోపలికి రానంది. చెప్పొద్దని నన్ను దారంతా బతిమాలింది. కూలి ఎక్కువ వచ్చే పని పోతుందన్న భయం ఒకటి, అబద్ధం బయటపడుతుందన్న సిగ్గు ఇంకొకటి. మెట్ల మీదే కూర్చుండిపోయింది. నేను లోపలికి పోయి డాక్టరమ్మ మాట, దూది కొట్టు వెనక చూసింది, అన్నీ చెప్పాను. అంతా విన్నాక అయ్యగారు లేచి, బయటికి వచ్చి ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నారు. ఆమె ఉలిక్కిపడి లేవబోయింది.

"కూర్చో తల్లీ. ఏమన్నా తిన్నావా?" అన్నారు.

"మీరు తిన్నారా అయ్యగారూ?" అంది ఆమె.

అబద్ధం చెప్పినందుకు క్షమించమని ఆమె మెల్లగా అంది. ఆయన తల అడ్డంగా ఊపారు. "నాకు చేతకానిది దేవుడికి చెప్పుకోవాలమ్మా. చేతనైంది కూడా ఆయన మీదికే తోసినాను. చెప్పు, నన్నేం చేయమంటావు?"

ఆమె చాలాసేపు చీర అంచు మెలితిప్పుతూ కూర్చుంది. ఇంతకాలం ఆమె గానీ, ఆ షెడ్డులో ఇంకెవరు గానీ ఆయన్ను మొహం చూసి ఏదీ అడిగినవాళ్లు కారు. చివరికి తల ఎత్తకుండానే, "ఆ గదికి గాలి పెట్టీయండి అయ్యగారూ" అంది.

గాలి

మరునాడు అయ్యగారు కండెల గదిలో ఒక ముక్కాలి పీట వేసుకుని పొద్దు గుంకేదాకా కూర్చున్నారు. బయటికి రమ్మన్నా రాలేదు. సాయంత్రానికి ఆయన నెరిసిన మీసాల మీద, కనుబొమ్మల మీద దూది పేరుకుపోయింది. బస్సులో దగ్గుతూనే ఆదోనికి పోయారట.

ఆ వారమే కమిటీ కూర్చుంది. షెడ్డు పక్కన ప్రార్థన మందిరం కట్టాలని ఎన్నాళ్ల నుంచో కూడబెట్టుకున్న సొమ్ముంది. దానితో కండెల గదికి పెద్ద ఫ్యాన్లు, కొత్త కిటికీలు పెట్టించాలని అయ్యగారు అడిగారు. మందిరం సొమ్ముతో ఫ్యాన్లా అని గొడవ. అదీ కాక, ఫోటోతో సహా ప్రకటించిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకుంటే సంఘం పరువేం కావాలని ఒక పెద్దమనిషి బల్ల గుద్దాడు. అయ్యగారి పదవికి కూడా ముప్పు వచ్చింది. ఆయన్ను దింపేయాలని కాచుకున్నవాళ్లు కొందరు ఆ కమిటీలోనే ఉన్నారు.

"పరువు సంగతి దేవుడు చూసుకుంటాడు, అది ఆయన పని. కిటికీల సంగతి మనం చూసుకుందాం" అన్నారు అయ్యగారు. నేను ఆయన నోట విన్న మాటల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. అంతకుముందైతే ఆయనే ఈ రెంటినీ తిరగేసి చెప్పేవారు.

కృతజ్ఞతా కూడికలో ఉరుకుందమ్మ పేరు పిలిచినప్పుడు ఆయనే మైకు దగ్గరికి పోయారు. మా కార్మికురాలు బాగుపడలేదనీ, మా గదిలోని దుమ్ము వల్లే ఆమెకు ఆ జబ్బు వచ్చిందనీ, ఆమె కోసం ప్రార్థించమనీ, మా కోసం అంతకంటే ఎక్కువ ప్రార్థించమనీ చెప్పి దిగిపోయారు. పందిరిలో గుసగుసలు. ఆరోజు భోజనాల దగ్గర ఆయన పక్కన కూర్చున్నవాళ్లు తక్కువ. రూతమ్మ మాత్రం పోయి పక్కనే కూర్చుంది.

కమిటీ చివరికి ఒప్పుకుంది, ఫ్యాన్లు వచ్చాయి, కానీ కథ అంతటితో సుఖాంతం కాలేదు. దుమ్ము తగ్గినా ఒకే మనిషి ఏళ్ల తరబడి ఆ గదిలో ఉండకూడదని డాక్టరమ్మ చెప్పడంతో, కండెలకూ మడతలకూ వంతులు వేశాం. కూలి రెండు చోట్లా సమానం చేశాం. ఇక చూడండి. కండెలు బాగా చుట్టేవాళ్లకు రాబడి తగ్గింది, వాళ్లు నన్ను తిట్టారు. మడతల వాళ్లు దుమ్ములోకి పోమని మొండికేశారు. గాలికి పోగులు తెగుతున్నాయని లక్ష్మన్న రోజూ గొణిగాడు. ఇద్దరు ఆడవాళ్లు పని మానేసి వేరే చోటికి పోయారు. నా తల ప్రాణం తోకకు వచ్చింది. దయగా ఉండాలని నిర్ణయించుకోవడం ఒక పూట పని. దాన్ని పనివేళల్లో, కూలి రేట్లలో ఇరికించడానికి నాకు ఏడాది పట్టింది. మీకు శిక్షణలో ఆ ఏడాది గురించి చెప్పరు.

అప్పటి నుంచి నేనొక అలవాటు చేసుకున్నాను. పొద్దున ప్రార్థన ముగిసి ఆమేన్ అనగానే ఆఫీసులోకి పోకుండా, అవసరత చెప్పిన ప్రతి మనిషి దగ్గరికీ పోయి, ఇందులో మేం చేయగలిగింది ఏమన్నా ఉందా అని అడిగేదాన్ని. చాలాసార్లు ఉండేది కాదు. మొగుడి తాగుడు నేనేం మాన్పించగలను? ఉన్నప్పుడు మాత్రం ఆ పూటే మొదలుపెట్టేదాన్ని. ప్రార్థన మానమని నేను చెప్పడం లేదు. నేను ఈనాటికీ రోజూ చేస్తాను. మోకాళ్ల మీది నుంచి లేచాక ఏ వైపు నడుస్తున్నారన్నది చూసుకోండి అంటున్నాను, అంతే.

మందిరం మాత్రం కట్టలేకపోయాం. ప్రార్థన షెడ్డులోనే, మగ్గాల మధ్యనే సాగింది.

ఉరుకుందమ్మ దగ్గు ఒక్కసారిగా పోలేదు, నెలల మీద నెమ్మదించింది. ఫ్యాన్లు పెట్టిన కొత్తలో ఒక సోమవారం ఆమె గుడికి పోయి, కొబ్బరి ముక్కలతో వచ్చింది. ప్రార్థన మొదలైంది. అయ్యగారు కళ్లు మూసుకుని, మాకు ఊపిరి ఇచ్చిన దేవా అని ఎత్తుకునేసరికి ఆమెకు దగ్గు వచ్చింది. అలవాటుగా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తబోయింది. అయ్యగారు కళ్లు తెరిచి చెయ్యెత్తి ఆమెను ఆపారు.

"ఈడనే దగ్గమ్మా. నేను ఆగుతాను" అన్నారు.

ఆమె కొంగు తీసేసి, అందరి ముందూ, గట్టిగా, కడుపులో నుంచి దగ్గింది. చాలాసేపే పట్టింది. ఎవరూ కదల్లేదు. రూతమ్మ పోయి చెంబుతో నీళ్లు తెచ్చి తాగించి, వీపు నిమిరింది. దగ్గు తెరిపిచ్చాక అయ్యగారు మళ్లీ కళ్లు మూసుకున్నారు గానీ మాట అందలేదు. యాడ ఆపినానమ్మా అని ఆమెనే అడిగారు.

ఉరుకుందమ్మ ఊపిరి తీసుకుని, "ఊపిరి కాడ ఆపినారు అయ్యగారూ" అంది.